ఎడమవాటం వాళ్ళకి చోటు

మా కెల్స్‌బీలో వెర్లా పెట్రిషిన్ చేయని పనులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇరవై రెండేళ్ళు మంచు మీద హాకీ ఆడే ఊరి రింకులో నీళ్ళు పోసి మంచు వేసింది ఆవిడే. అన్నేళ్ళలో మంచు బాగాలేదని ఒక్క ఆట కూడా ఆగలేదు. మైనస్ నలభై చలిలో నీళ్ళ గొట్టం పగిలిన ఏడాది, పొద్దున పిల్లలు స్కేట్లు కట్టుకునేసరికి గొట్టం అతికి మంచు అద్దంలా ఉంది. మంచు మీద రాళ్ళు జార్చే కర్లింగు ఆటలో జిల్లా కప్పు మూడుసార్లు మా ఊరికి తెచ్చింది. కోతలప్పుడు గోధుమ లారీ తోలింది. అలాంటి మనిషి అరవై మూడో ఏట ఉద్యోగం మానేసి ఊరికే కూర్చుంటుందని ఎవరైనా అనుకుంటే, అది వాళ్ళ పొరపాటు.

మా గోల్ఫ్ మైదానం అక్టోబరు మధ్యలో మూసేస్తే మళ్ళీ మే నెలకే తెరవడం. ఆ మధ్యలో జనం కాఫీ కప్పుల ముందు కూర్చుని, పోయిన వేసవిలో కొట్టిన బంతిని రోజుకి పది గజాలు పొడిగించి చెప్పుకుంటారు. వాళ్ళని నాలుగ్గోడల మధ్యకి తెచ్చి, ఎదురుగా తెర మీద మైదానం చూపించి, నిజం కర్రతో నిజం బంతి కొట్టించాలని వెర్లా పట్టుబట్టింది. మూతపడిన ట్రాక్టర్ల దుకాణం అద్దెకి తీసుకుంది. పద్నాలుగడుగుల ఎత్తు కప్పు, ముప్పై ఆరడుగుల వెడల్పు. పన్నెండేసి అడుగుల గదులు మూడు వస్తాయి.

గదికి ముప్పై మూడు వేల డాలర్లు. అందులో సగం పైన బంతి వేగం కొలిచే పరికరానికే. తక్కినది తెరకీ, ప్రొజెక్టరుకీ, కంప్యూటరుకీ, పచ్చిక చాపకీ. మూడు గదులకి తొంభై తొమ్మిది. లోపల వెచ్చబెట్టే గ్యాసు కొలిమి, వైరింగు, గోడలు, మరుగుదొడ్డి, బీమా, మొదటి మూడు నెలల గ్యాసు బిల్లూ కలిపి అరవై ఒకటి. మొత్తం లక్షా అరవై వేలు. తన దగ్గర ఎనభై ఉంది. మిగతా ఎనభై ఇవ్వడానికి సహకార బ్యాంకు ఒప్పుకుంది, సంతకాలే మిగిలాయి. ఈలోగా చలి ముంచుకొస్తోందని వెర్లా తన డబ్బులో నలభై వేలు పెట్టి కొలిమీ వైర్లూ వేయించేసింది.

గోడలు కట్టే పని భర్త తమ్ముడు మెట్రోది. పరికరాలమ్మే కంపెనీ పంపిన పటం చూసి మొదటి గదికి ప్లైవుడ్ నిలబెట్టాడు. బంతి పెట్టే చోటు కుడి గోడకి నాలుగడుగుల్లో ఉంది. మెట్రోది ఎడమవాటం. ఆ గోడకీ బంతికీ మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు.

"వదినా, బంతి ఇక్కడ, గోడ ఇక్కడ. మధ్యలో నా పొట్ట ఎక్కడ పెట్టుకోను?"

"పొట్ట ఇంట్లో పెట్టి రావాల్సింది. ముందు కొట్టు!"

కొట్టాడు. వెనక్కి లేచిన కర్ర ప్లైవుడ్‌లో దిగబడిపోయింది. మెట్రో దాన్ని పీకుతూ, "ఈ పటం గీసినవాడు మన ఊరు రాలేదు" అన్నాడు.

వెర్లా నవ్వలేదు. పటం ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నది తనే. మా వాళ్ళు చిన్నప్పుడు హాకీ కర్ర ఎటు పట్టారో గోల్ఫ్ కర్రా చాలామంది అటే పడతారు. కుడిచేత్తో సంతకం చేసేవాడు కూడా ఎడమవాటంగా కొడతాడు. అది ఆవిడకి తెలియక కాదు, తోచలేదు.

నేరుగా ఇంటికెళ్ళి పెరట్లో నిలబడింది. రింకులో విరిగిన హాకీ కర్రలన్నీ ఏటేటా తెచ్చి టమాటా మొక్కలకి ఊతంగా పాతింది. కర్ర కొస వంపు చూస్తే అది ఎటు వాటం వాడిదో తెలిసిపోతుంది. లెక్కపెట్టింది. అరవై ఒకటిలో ముప్పై ఏడు ఎడమవి.

మర్నాడు పొద్దున్నే ఆ కర్రలన్నీ మోపు కట్టి భుజాన వేసుకుని సహకార బ్యాంకుకి వెళ్ళి, అప్పులు చూసే జానెల్ బల్ల మీద పడేసింది.

"ఆంటీ! మట్టి!"

"దులుపుకో. వీటిలో సగానికి పైగా ఎడమవాటం వాళ్ళవి. మూడు గదులు కాదు, రెండే కడతాను. పద్దెనిమిదేసి అడుగులు. బంతి నట్టనడుమ. కొలిచే పరికరం కప్పుకి బిగిస్తే కుడివాటం, ఎడమవాటం ఇద్దర్నీ చూస్తుంది. దానికి గదికి ఆరు వేలు ఎక్కువైనా మొత్తం లక్షా ముప్పై తొమ్మిదే. మీరు ఎనభై ఇవ్వక్కర్లేదు, యాభై తొమ్మిది చాలు."

"అప్పు తగ్గితే సంతోషమే. కానీ గది తగ్గితే రాబడి మూడోవంతు పోతుంది కదా! మా బ్యాంకు కమిటీ అసలు అప్పే వద్దంటే? మీ నలభై వేలూ గోడల్లో కలిసిపోయినట్టే."

"మూడో గది కట్టి సగం ఊరిని గుమ్మంలోంచి పంపేస్తే రాబడి పెరుగుతుందా?"

"కమిటీకి టమాటా కర్రలు చూపించమంటారా?"

"చూపించు. ఇంతకీ నువ్వు ఎటు కొడతావే?"

జానెల్ కాగితాలు సర్దింది. "అది ఇప్పుడెందుకు?"

"ఐదేళ్ళప్పటి నుంచి నా మంచు మీద పెరిగావు. నాకు తెలియదా?"

"ఎడమే" అంది జానెల్, నవ్వాపుకుంటూ. "సరే. శుక్రవారం లోపల ముప్పై మంది చలికాలం మొత్తానికి ముందే డబ్బు కడితే కమిటీతో నేను మాట్లాడతాను. ఒక్కరు తగ్గినా నా వల్ల కాదు."

వెర్లా ఆ రోజే సహకార దుకాణం కాఫీ బల్ల దగ్గర కాగితం పెట్టుకుని కూర్చుంది. మనిషికి మూడు వందలు. పేరు పక్కన వాటం కూడా రాయించుకుంది. "ముందు కట్టు చూద్దాం, తర్వాత కడతాం" అన్నవాళ్ళతో, "నేను వేసిన మంచు ఎప్పుడైనా కరిగిందా?" అని ఒక్క మాటే అడిగింది. గురువారం మధ్యాహ్నానికి నలభై ఒక్క మంది తేలారు. పదిహేడు మంది ఎడమవాటం. నలభై రెండో పేరు జానెల్ స్వయంగా బ్యాంకులో రాసి, మూడు వందలూ లెక్కపెట్టి ఇచ్చి, మరుసటి వారం అప్పు కాగితాల మీద సంతకం పెట్టించింది.

నవంబరు మొదటి శనివారం తలుపులు తీశారు. మొదటి బంతి మెట్రోది. గోడ వైపు భయంగా ఓ చూపు చూసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. బంతి తెర మీది చెరువులో పడింది. వెనకాల ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

"గోడకి తగల్లేదుగా!" అన్నాడు మెట్రో.

"తగల్లేదు" అంది వెర్లా. "పక్కకి జరుగు. జానెల్, నువ్వు రా."