వంక పారిన ఆదివారం

మొన్న ఆలూరులో బంధువుల పెళ్లి చూసుకుని కర్నూలుకు తిరిగి వస్తుంటే, మా బస్సు ఉన్నట్టుండి వంతెన మీద ఆగింది. ఏమైందోనని కిటికీలోంచి చూద్దును గదా, ఏడాది పొడుగునా ఎండి ఉండే వంక పారుతోంది! ఎర్రటి నీళ్లు నురగలు కక్కుతూ, కంపచెట్లను వంచేస్తూ పోతున్నాయి. డ్రైవరు సైతం దిగి వంతెన అంచున నిలబడ్డాడు. ఈ వయసులో నేను లేచి చప్పట్లు కొట్టేసరికి, పక్క సీటు అమ్మాయి ఫోను దించి నన్ను వింతగా చూసింది. ఆ పిల్లకేం చెప్పను? మెట్టపొలాల మధ్య పెరిగిన మీకైతే చెప్పవచ్చు.

మాది ఆ వంక పక్కనే చిన్న పల్లె. అమ్మా నాయనా వేరుశనగ చేలల్లో కూలికి పోయేవాళ్లు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు పొత్తిళ్లలోనే పోయారట. ఆ దుఃఖాన్నైనా అమ్మ ఎట్లాగో దిగమింగింది గానీ, ఏం పాపం చేసిందో, దేవునికి ఈమె మీద కోపమని ఊళ్లో ఎవరో అన్న మాటను మాత్రం మింగలేకపోయింది. ఆ మాటను నమ్మేసింది కూడా. పెళ్లిళ్లకు పిలిచినా వెనకనే నిలబడేది, బాలింత ఉన్న ఇంటి గడప తొక్కేది కాదు.

నేను పదో తరగతి చదివే రోజుల్లో, అమ్మ ఒకరోజు మా పేటవాళ్లు గుడి అని పిలుచుకునే రేకుల చర్చి ముందు నుంచి పోతూ పాట విని లోపలికి వెళ్లి కూర్చుంది. దేవుడు నీ మీద కోపంగా లేడు, నీకోసం ప్రాణమే పెట్టాడు అని పాస్టరు అయ్యగారు చెప్పిన మాట విని, ఇంటికొచ్చి ఏడుస్తూ నవ్వింది. అమ్మ అట్లా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది. నాయన కాదనలేదు, వెంట పోనూ లేదు. గుడి బయట వేపచెట్టు కింద బీడీ కాలుస్తూ కూర్చుని, ప్రార్థన కూటం ముగియగానే అమ్మను ఇంటికి తీసుకొచ్చేవాడు.

అమ్మ బాప్తిస్మం తీసుకుంటానంది, నేనూ తీసుకుంటానన్నాను. కానీ నీళ్లేవి? మా సంఘంలో నిండా మునగాలి. ఆ ఏడు వంకలో ఇసుక తప్ప తడి లేదు, బావులు అడుగంటాయి, తుంగభద్ర కూడా మడుగులు మడుగులుగా మిగిలిందని చెప్పుకునేవారు. వాన కోసం ఎదురుచూస్తూ ఉండగానే అమ్మకు కడుపులో గడ్డ ఉందని, కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయాలని తేలింది. అమ్మకు కత్తి భయం లేదు. బాప్తిస్మం కాకముందే ప్రాణం పోతే తన గతేమిటన్నదే భయం. బయలుదేరే ముందు అయ్యగారు ప్రార్థన చేయడానికి వస్తే, అమ్మ ఆయన ముందు అదే అడిగింది.

“అయ్యా, నేను సచ్చిపోతే యాడికి పోతానో నాకు తెలియాల.”

అయ్యగారిది మా సీమే. ఆయన చాప మీద కూర్చుని నెమ్మదిగా అన్నారు. “ఏమమ్మా, సిలువ మీద యేసయ్య పక్కన వేలాడిన దొంగను ఏ వంకలో ముంచినారు? అయినా వాణ్ని పరలోకానికి రానిచ్చినాడా లేదా? వాన పడలేదని దేవుడు నిన్ను వాకిట్లో నిలబెడతాడా?”

“అట్లయితే నేను ఇప్పుడే ఆయన బిడ్డనా?”

“ఇప్పుడే తల్లీ. నువ్వు నమ్మిన పొద్దే.”

అమ్మ ముఖంలో వచ్చిన మార్పును నేనిప్పటికీ వర్ణించలేను. కర్నూలు దాకా బస్సులో పాడుతూనే వచ్చింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర నేనూ నాయనా ఏడుస్తుంటే తిరిగి మాకే ధైర్యం చెప్పింది. మత్తు దిగి కళ్లు తెరిచాక ఆమె అన్న మొదటి మాట, “ఇంకా ఈడనే ఉండానా?” నాయన ఏడుపు ఆపుకోలేక, నవ్వు ఆపుకోలేక వరండాలోకి పోయాడు.

అమ్మ పూర్తిగా కోలుకున్నాక ఒక శనివారం మబ్బులు దిగాయి. రాత్రంతా కుండపోత. తెల్లవారేసరికి ఊరంతా ఒకటే కేకలు, వంక పారుతోందని! కాస్త ఉరవడి తగ్గాక గుడిలో వాళ్లం పాడుకుంటూ పరుగులాంటి నడకతో బయలుదేరితే, చూద్దామని ఊరు ఊరే వెంటవచ్చింది. మేం కూలికి పోయే పెద్దింటి అమ్మ, పూజ ముగించి నుదుట కుంకుమతోనే వచ్చి, పెట్టెలోంచి తీసిన కొత్త తెల్లచీర మా అమ్మ చేతిలో పెట్టింది. “శానా మంచి దినం నీకు. తడిబట్టతో ఉండగాకు, ఇది కట్టుకో,” అంది.

నడుము లోతు ఎర్రనీళ్లలో అయ్యగారు అమ్మను ముంచి లేపారు. ఆమె ఒడ్డుకెక్కి కొత్తచీర కట్టుకునేలోగా నన్ను కూడా. చెవుల్లో నీళ్ల హోరు, కళ్లు తెరిస్తే ఆకాశం, ఒడ్డున పాట. నేను దేవుని బిడ్డనని ఒళ్లంతా తెలిసిన క్షణమది. ఎగిరి గంతులేయాలనిపించింది, వేశాను కూడా. అంతలో అందరూ ఒక్కసారిగా ఒడ్డు వైపు తిరిగారు. చూస్తే నాయన, తలపాగా తీసి ఒడ్డున పెట్టి నీళ్లలోకి దిగుతున్నాడు.

“అయ్యా, ఇన్నాళ్లూ చెట్టు కింద కూచోని అంతా ఇంటానే ఉండా. నన్ను గూడా తీసుకుంటాడా మీ దేవుడు?”

“రాప్పా! నీకోసమే కదా ఇంతకాలం చూస్తాండేది!” అన్నారు అయ్యగారు, రెండు చేతులూ చాపి.

నాయన నీళ్లలోంచి లేచేసరికి అమ్మ ఆనందం పట్టలేక కొత్తచీరతోనే వంకలోకి దూకేసింది. ఆమె వెనక పేట ఆడవాళ్లు, పిల్లలు, చివరికి నవ్వుతూ పెద్దింటి అమ్మ కూడా.

అమ్మా నాయనా ఇప్పుడు లేరు. పోయేటప్పుడు ఇద్దరికీ భయం లేదు. ఊళ్లో రేకుల గుడి స్థానంలో పెద్ద మందిరం వచ్చింది, మైకులు వచ్చాయి, బాప్తిస్మానికి లోపలే నీళ్లతొట్టి కట్టారు, దేనికీ వాన కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. మంచిదే. ఎవరింట్లో శుభమైనా ఫోనులో ఒక పూలబొమ్మ పంపి ఊరుకుంటున్నాం, నేనూ అంతే. ఆ రోజు మా ఇంటి సంతోషానికి ఊరు ఊరంతా తడిసింది. ఇప్పుడు ఒకరి సంతోషంలో ఇంకొకరు తడవడం నేను చూడడం లేదు.