ఊదు బాపూ

మా ఇంట్లో నా ముక్కుకు ఉన్నంత అధికారం ఇంకెవరికీ ఉండేది కాదు. పదకొండేళ్ల పిల్లకు అంత అధికారం ఇవ్వకూడదు. కానీ అప్పుడు ఆ ఇంట్లో ఈ పనికి పనికొచ్చే ముక్కు నాదొక్కటే. అమ్మకు వాసనలు తెలియవు. చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి పోయాయట. పొయ్యి మీద పాలు మాడినా ఎవరో ఒకరు చెప్పాలి.

బాపు కాచిగూడలో ఒక హోల్‌సేల్ మందుల దుకాణానికి వ్యాన్ నడిపేవాడు. మద్యనిషేధం ఉన్నన్నాళ్లు అశోక్‌నగర్‌లో మా కిరాయి ఇల్లు నిమ్మళంగా ఉంది. నిషేధం ఎత్తేశారు, బాపు మళ్లీ మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం తాగి, నారాయణగూడ చౌరస్తాలో ఆగి ఉన్న రిక్షాను గుద్దాడు. రిక్షా తొక్కే ఆయన కాలు విరిగింది. పోలీసులు బాపుకు రక్తపరీక్ష చేయించారు. కోర్టు జరిమానా వేసి, ఆరు నెలలు బండి నడపకుండా లైసెన్సు పట్టేసుకుంది. "మందుల బండి డ్రైవరు మందు కొట్టి గుద్దిండంట" అని చిక్కడపల్లి మార్కెట్‌లో నవ్వుకునేవాళ్లు. అమ్మ సంచి నిండకుండానే తిరిగొచ్చేది. ఆ రిక్షా ఆయన్ని చూడ్డానికి బాపు రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి, మొహం చెల్లక గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చాడు.

ఆ ఆరు నెలలూ చుక్క ముట్టలేదు. లైసెన్సు చేతికొచ్చాక దుకాణం సేటు మా ఇంటికొచ్చాడు. పాత మనిషని మళ్లీ పనిలోకి తీసుకుంటానన్నాడు. వ్యాన్ మా గల్లీలోనే ఉంటుంది, తాళం మాత్రం అమ్మ దగ్గర ఉండాలి.

"చూడు చెల్లె, పొద్దుగాల వాసన చూసే తాళం ఇయ్యి. వాసనొస్తే నాకు ఫోన్ చెయ్. గట్ల ఒక్కసారి అయినా సరే, ఇగ వేరే డ్రైవర్ని పెట్టుకుంట."

తనకు వాసన తెలియదని అమ్మ ఆయనకు చెప్పలేదు. ఆయన వెళ్లాక నా వైపు చూసింది.

రోజూ ఎనిమిదింటికి బాపు నా ముందు గొంతుక్కూర్చునేవాడు. "ఊదు బాపూ" అనేదాన్ని. ఊదేవాడు. పళ్లపొడి వాసన, చాయ్ వాసన. "ఏం రాలే" అంటే అమ్మ కొంగు ముడి విప్పి తాళం ఇచ్చేది. "లైసెన్స్ మేడమ్ పాస్ చేసింది" అని బాపు నా ముక్కు పట్టుకుని ఊపేవాడు. నేను పొంగిపోయేదాన్ని. కన్నకూతురి ముందు రోజూ అలా కూర్చోవడం ఆయనకు ఎలా ఉండేదో ఒక్కసారీ ఆలోచించలేదు. నాలుగు నెలలు ఒక్క రోజు కూడా తేడా రాలేదు.

వానాకాలంలో ఒకరోజు నారాయణగూడలో మా బడి వదిలేసరికి వాన దంచుతోంది. ఎదురుగా సిగ్నల్ దగ్గర బాపు వ్యాన్ ఆగి ఉంది. "మా బండిలో దింపుతా రండి" అని గొప్పలు పోయి, ఇద్దరు స్నేహితురాళ్లను వెంటేసుకుని పరిగెత్తాను. బాపు అద్దం దించాడు.

"సేటు బండిల ఎవలనీ ఎక్కించుకోవద్దన్నడు బిడ్డా. మాటిచ్చిన. జర ఆ షెడ్డు కింద నిలబడుండ్రి, వాన తగ్గినంక పోదురు."

సిగ్నల్ పడింది, వెళ్లిపోయాడు. వెనక వాళ్లిద్దరూ కిసుక్కుమన్నారు. నేను కావాలనే తడుచుకుంటూ ఇల్లు చేరాను. బాపుతో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున బాపు వచ్చి కూర్చుని ఊదాడు. చాయ్ వాసన తప్ప ఏమీ లేదు. అమ్మ అప్పటికే ముడి విప్పుతోంది.

"వాసనొస్తుంది" అన్నాను.

సేటు పెట్టిన షరతు నాకు తెలుసు. తెలియక అన్నానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

అమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది. "మల్లొకపారి ఊదుండ్రి" అంది. బాపు నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిడితే నిజం చెప్పేసేదాన్నేమో.

"పిల్ల చెప్పింది గద" అని లేచి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

అమ్మ కిరాణా కొట్టుకు వెళ్లి సేటుకు ఫోన్ చేసింది. మధ్యాహ్నం ఎవరో మనిషి వచ్చి తాళం తీసుకుని వ్యాన్ నడుపుకుంటూ పోయాడు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. అప్పుడైనా నోరు విప్పలేదు.

వారం తిరక్కుండానే బాపు తాగి వచ్చాడు. ఆ తర్వాత నా ముక్కుకు అబద్ధమాడే అవసరం రాలేదు. ఊదమనక్కర్లేకుండా వాసన గుమ్మంలోనే తెలిసేది. మళ్లీ ఏ బండీ నడపలేదు.

నేను ఇంటర్ చదువుతుండగా ఆయన లివరు పాడై మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం అమ్మ ఇంట్లో లేదు. మంచం పక్కన కూర్చుని చెప్పేశాను.

"ఆ రోజు వాసన రాలే బాపూ. నేనే అబద్ధం చెప్పిన."

ఆయన కళ్లు తెరవలేదు.

"ఎరికే బిడ్డా. ఊదింది నేనే గద."

"మరి అమ్మకెందుకు చెప్పలే?"

"చెప్తే ఎవలు నమ్ముతుండె?" అన్నాడు బాపు.