నీలి చుక్క బంతి

మా పాప చిన్నప్పుడు... జెద్దాలో ఉండేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మా వారు విదేశీయులు ఉండే ఒక పెద్ద కాంపౌండ్‌లో మెయింటెనెన్స్ పని చేసేవారు. గోడకేసి బంతి కొట్టి ఆడే స్క్వాష్ కోర్టు కూడా ఆయనే చూసుకునేవారు.

పొద్దున్నే బంతుల డబ్బా ముందేసుకుని, ఒక్కో బంతినీ బొటనవేలితో నొక్కి చూసేవారు. పగులు విచ్చుకుంటే తీసేయాలి. గరుకు పోయి నున్నగా మెరుస్తున్నా తీసేయాలి... కొత్తది వేయాలి.

ఆ పారేసేవే మా పాప ఆటవస్తువులు. సబ్బుతో కడిగి, తుడిచి, అరచేతుల మధ్య రుద్దుతూ కూర్చునేది.

"ఎగరట్లేదు డాడీ!"

"రెండు పసుపు చుక్కలున్నాయి చూడు, అది బాగా ఆడేవాళ్లది. టీ పడందే మీ అమ్మ మంచం దిగుద్దా? ఇదీ అంతే, వేడెక్కాలి. నీలాంటోళ్లకి నీలి చుక్కది. ఊరికే గెంతుద్ది."

ఇక రోజూ అదే పాట... నీలి చుక్కది కావాలని.

అక్కడ చర్చిలుండవు, సెలవేమో శుక్రవారం. అలా ఒక శుక్రవారం ఇంట్లోనే తలుపులు వేసుకుని ప్రార్థన చేసుకున్నాం. అయ్యాక ఆయన జేబులోంచి బంతి తీసి పాప చేతిలో పెట్టారు. నీలి చుక్క. సరికొత్తది. పాప నేలకేసి కొడితే గోడకు తగిలి మంచం మీద పడింది. ఆ పిల్ల నవ్వు...

నేను నవ్వలేదు. "కోర్టు బంతి ఇంటికెందుకు తెచ్చారండీ?"

"అది కాదే కరుణా..."

"ఇప్పుడేగా ప్రార్థన చేశాం! మనది కానిది బిడ్డ చేతికిస్తారా? రేపే డబ్బాలో వేసేయండి."

గొంతు పెంచలేదు. కానీ ఆయన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. పాపే బంతిని ఆయన జేబులో వేసి, "పాతదే బాగుందిలే డాడీ" అంది.

మరుసటి ఏడాది ఆయన అక్కడే, గుండె ఆగి, ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. మేము దేశం విడిచి వెళ్లడానికి ఎగ్జిట్ కాగితాలు వచ్చాయి. సామాను సర్దుతుంటే, ఆయనతో పనిచేసిన నిజామాబాద్ తమ్ముడు ఆయన పనిముట్ల పెట్టె తెచ్చిచ్చాడు. అడుగున ఒక బంతి. నీలి చుక్క సగం చెరిగిపోయింది. నొక్కితే పగులు విచ్చుకుంది.

"గిది కోర్టుది కాదొదినా. పాప కోసమని అన్ననే బలద్ బజార్ల కొన్నడు. మల్ల తెచ్చి డబ్బాల ఎందుకేసిండో ఎరుకలే. పలిగినా పారెయ్యనియ్యలే."

పగిలిన ఏ బంతినీ డబ్బాలో ఒక్క పూట కూడా ఉంచని మనిషి...

ఇప్పుడు మా మనవడికి ఏది కావాలన్నా ఫోన్‌లో నొక్కితే గుమ్మంలోకి వస్తుంది. వాడి చేతిలో కొత్త వస్తువు కనబడితే "ఎక్కడిదిరా?" అని అడగబోయి ఆగిపోతాను.

మీరూ ఎవరి మాటైనా ఇలా మధ్యలో ఆపేశారా? రాయండి... కానీ ఆ మనిషి ఇంకా ఉంటే, ఇక్కడ రాసే ముందు వాళ్ల దగ్గరికెళ్లి అడగండి... ఆ రోజు ఏం చెప్పబోయారో.