గిడ్డమ్మ ఒళ్లో ఓబుళేశు పాదం

మైదుకూరు దగ్గర మగ్గం నేసే ఓబుళేశుకు నెల గడువు పెట్టారు. ఆలోగా పుండు మానకపోతే కుడి పాదం తీసేయాల్సిందే! షుగరుతో పాదం మొద్దుబారి, మగ్గం గుంతలో మేకు దిగినా తెలియలేదు. తెలిశాక మనవాడి తెలివి చూడండి, నూలుకు పెట్టే గంజినే పుండుకూ పట్టించి గుడ్డ చుట్టాడు. పైన ఎండింది, లోపల చీము పట్టింది. కడపలో డాక్టరు సుధీర్ చీమంతా తీసి, మందులు రాసి, ఈ గడువిచ్చాడు. పాదం పోతే మగ్గం తొక్కేదెట్లాగని ఓబుళేశు కుమిలిపోయాడు.

ఈ సంగతి పక్కూరి గిడ్డమ్మ చెవిన పడింది. డెబ్బై ఏళ్ల మనిషి, ఎవరింట్లో పుండున్నా పిలవకుండానే పోతుంది. తెల్లారేసరికే నడిచొచ్చి, నేల మీద కూర్చుని, అతని పాదాన్ని ఒళ్లోకి తీసుకోబోయింది. ఓబుళేశు చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"వద్దవ్వా, పెద్దదానివి. నా కాలు పట్టుకుంటే నాకు పాపం తగులుతాది."

గిడ్డమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందు తిట్టింది, ఆనక చెప్పింది. పన్నెండేళ్లప్పుడు తనకు కుష్టు సోకితే అయినవాళ్లే గొడ్లపాకలో పడేశారట. అన్నం కర్రతో తోసేవారట. సముద్రాలు దాటొచ్చిన మిషనాసుపత్రి డాక్టరు హెలెనమ్మ ఆ పేడలోనే చతికిలబడి, ఆ పిల్ల పాదాలు ఒళ్లో పెట్టుకుందట. ముట్టొద్దని పిల్ల ఏడిస్తే ఆ తల్లి అన్న మాట గిడ్డమ్మకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

"నీ కాలికి నొప్పి తెలీదు పాపా. దాని బదులు నేను చూస్తాండా."

జబ్బు నయమయ్యాక గిడ్డమ్మ ముప్పై ఏళ్లు ఆమె వెంటే ఉండి కట్లు కట్టింది. హెలెనమ్మ పొద్దున్నే ప్రార్థన చేసుకుని పుండ్లు కడగడానికి కూర్చునేదట. కులమేదని, దేవుడెవరని ఒక్కరినీ అడిగి ఎరగదట. మన ఎండల్లోనే మాడి, చివరికి మన మట్టిలోనే కలిసింది. ఏం మనిషి, ఎంత గుండె!

ఓబుళేశు కాలు చాచాడు.

ఆనాటి నుంచి రోజూ కాచి చల్లార్చిన నీళ్లతో కడగడం, వేళ్ల సందులు వెతకడం, కట్టు మార్చడం, మాత్రలు దగ్గరుండి మింగించడం. కాలు నేలకు ఆనిస్తే మాత్రం అతని ఏడు తరాలకూ తిట్లు తప్పేవి కావు. పన్నెండో రోజు, పెళ్లి చీర ఆగిపోయిందని అతను మగ్గం దగ్గరికి పాకితే, గిడ్డమ్మ ముందే గుంతలోకి దిగి కూర్చుంది. బతిమాలినా సాయంత్రం దాకా లేవలేదు!

నెల తిరిగింది. గిడ్డమ్మ అతన్ని కడపకు తీసుకెళ్లింది. సుధీర్ కట్టు విప్పాడు. పుండు పూడిపోయి లేత చర్మం వచ్చింది. ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి, ఇంకేం మందు వేశారని గిడ్డమ్మను అడిగాడు.

"మందులు నువ్వు రాసినవే నాయనా. నేను దినామూ చూసినా, అంతే."

ఓబుళేశు పట్టలేక మంచం దిగి, దండం పెట్టడానికి ఆమె కాళ్ల మీదికి వంగాడు. వంగి, అలాగే ఉండిపోయాడు. ఆమె ఎడమ పాదానికి ఒక్క వేలూ లేదు. నెల రోజులు తన ఇంటికి నడిచొచ్చిన ఆ కాళ్లను అతను ఒక్కనాడూ చూడలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు.

"లెయ్ నాయనా," అంది గిడ్డమ్మ, "నీ కాలి మీద బరువు పడతాది."