చర్ల నర్సమ్మ

చర్ల దవాఖానాలో ఆ నర్సమ్మ ఎవరిని తాకబోయినా ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబరుచుకునేది. మా పాప పుట్టిన రోజు మా ఆవిడకు ఒళ్లు తెలియని జ్వరం. ఆకలికి ఏడ్చి ఏడ్చి పాప గొంతు పోయింది. ఇంట్లో చంటిబిడ్డ ఉన్న ఆ నర్సమ్మ తెర లాగి, మా పాపకు తన పాలిచ్చింది.

నెల తర్వాత పాపను ఆమెకు చూపించడానికి వెళ్లినప్పుడు, అంతకుముందు ఖమ్మం లైబ్రరీలో నిఘంటువు తిరగేసి తెలుసుకున్నది గర్వంగా చెప్పాను.

"అక్కా, నర్సు అనే మాట ఇంగ్లీషుకు ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలం లాటిన్. అక్కడ దానికి పాలిచ్చి పెంచే తల్లి అని అర్థం."

ఆమె కిసుక్కున నవ్వింది.

"గట్లనా తమ్మీ? మా డాక్టరు సారుకు చెప్పకు. గిది గూడ డ్యూటీల రాస్తడు!"

నవ్వుతూనే, పాపను ఇటివ్వమని చేతులు చాచింది.