తడి ఆరని గొంగడి

మాది సుల్తానాబాద్ దిక్కు. ఎటు చూసినా వరిపొలాలు, చదును నేల. పెళ్లయ్యాక జైనూర్ అవతలి గుట్టల్లోకి వచ్చి పడ్డాను. ఆయన అక్కడి బడిలో పంతులు. అప్పటికింకా హైదరాబాదు రాజ్యమే. బడి, మా గుడిసె ఒకే వాకిట్లో ఉండేవి.

ఆ ఎండాకాలం నా తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయింది. వాగు ఒడ్డున ఇప్పచెట్టు కింద పాతిపెట్టారు. నక్కలు తవ్వకుండా పైన రాళ్లు పేర్చారు. అప్పటి నుంచి రోజూ తెల్లవారగానే గుట్ట వాలు కాలిబాట పట్టేదాన్ని. దారిలో ఒక రాయి ఏరుకుని, అక్కడ పెట్టి వచ్చేదాన్ని. ఏడవడానికి పోలేదు. అంత దూరం నడిస్తేనే ఆ పూట అన్నం గొంతు దిగేది.

శ్రావణంలో ముసురు పట్టింది. మా ఊళ్లో ముసురంటే మక్కకంకులు కాల్చుకు తినే సంబురం. ఇక్కడి ముసురు పిలవని చుట్టంలా తిష్ట వేసింది. ఉప్పు నీరైంది. కట్టెలు మండవు, పొగకు మాత్రం కరువు లేదు. వానను లెక్క చేయకుండా బయల్దేరి మొదటి మలుపులోనే జారి పడ్డాను. చీలమండ వాచిపోయింది. ఆయన పసుపు పట్టు వేసి, “వాగు ఉరుకుతున్నది. తెరిపి ఇచ్చేదాక అటు దిక్కు పోకు” అన్నారు.

పొయ్యి నుంచి తలుపుకు, తలుపు నుంచి పొయ్యికి కుంటుతూ తిరిగేదాన్ని. వాన మీద కోపం, ఆయన మీద కోపం, అన్నింటికన్నా వానకు ఆయన కప్పుకుపోయే గొంగడి మీద కోపం. రాత్రంతా పొయ్యి పక్కన ఆరబెడితే, పొద్దున్నే మళ్లీ నీళ్లు కారుతూ ఇల్లు చేరేది. గుడిసె నిండా తడి గొర్రె వాసన.

“బడి గీ వాకిట్లనే ఉన్నది గద! గింతగనం యాడ తడుస్తున్నరు?” అని ఒకరోజు ఎగిరిపడ్డాను.

“పిలగాండ్లు రాకపోతే ఇంటింటికి పోయి పిల్వొద్దా?” అన్నారు మెల్లగా. నిజమే కాబోలు అనుకున్నాను.

చివరికి ఒక పొద్దున వాన తెరిపి ఇచ్చింది. బడిలో ఎక్కాలు వినిపిస్తున్నాయి. చప్పుడు చేయకుండా బయటపడ్డాను. ఇన్నాళ్లు నడవని బాట, గడ్డి మింగేసి ఉంటుందనే భయం. కానీ గడ్డి రెండు పక్కలా అణిగి ఉంది. బురదలో అడుగులు, పాతవాటి మీద కొత్తవి. కుడిపాదం కొంచెం బయటికి తిరిగి ఉంది. ఆయన నడకే. ఒక రాయి ఏరుకుని ఆ అడుగుల వెంటే పోయాను.

అవి ఒడ్డు దాకా పోయి ఆగాయి. ఇప్పచెట్టు లేదు, రాళ్లు లేవు. తెగిన ఎర్రమట్టి, కింద వాగు.

తిరిగి వచ్చేసరికి ఆయన వాకిట్లో నిలబడి ఉన్నారు. నా చేతిలో రాయిని చూసి తల దించుకున్నారు.

“ఎప్పుడు కొట్టుకపోయింది?”

“ముసురు పట్టిన కొత్తల్నే. నీకెట్ల చెప్పాల్నో సమజ్ కాలే.”

“అక్కడ ఏం లేదని తెల్సి రోజు ఎందుకు పోయిన్రు?”

వాన మళ్లీ మొదలైంది.

“నువ్వు పోతలేవు గద. ఎవరన్న ఒకరు పోవాలె గద” అన్నారు.

ఆ రాయిని గుమ్మం పక్కన పెట్టి, ఆయన గొంగడిని పొయ్యి దగ్గరికి జరిపాను.