ఉమ్మెత్త చుట్ట

మా తాత సాయిలు నోరు తెరిస్తే మురిగిన ఆకుల కంపు. ఆయాసం వచ్చినప్పుడల్లా పెంటకుప్ప మీది ఉమ్మెత్తాకును ఎండబెట్టి, చుట్ట చుట్టి పీల్చేవాడు. మా ఊరు తరిగొప్పులలో డాక్టర్లు లేని రోజుల్లో వాళ్ల నాయన నేర్పిన వైద్యమట. పీల్చాక దగ్గి, గల్లను, అంటే పచ్చటి కఫాన్ని, మంచం కింది డబ్బాలో ఊసేవాడు. అది కడిగేది మా అవ్వ ముత్తమ్మ. మొన్న చుట్టలు ఎక్కువై మత్తు తలకెక్కింది. కళ్లు గుడ్లగూబలా చేసుకుని, ఒంటి మీద లేని చీమలను ఏరి నోట్లో వేసుకుని నమిలాడు. మంచినీళ్లు తెచ్చిన అవ్వను కూడా గుర్తుపట్టలేదు.

"ఎవలమ్మా నువ్వు? మా ముత్తమ్మ ఏది?"

"నీ గల్ల డబ్బ కడగవోయింది."

మత్తు దిగాక అవ్వ ఒకే మాట చెప్పింది: "ఇంకోపారి గా చుట్ట ముట్టినవంటే, మానుకోటల ఉన్న బిడ్డ దగ్గరికి పోత. మళ్ల రాను."

ఉమ్మెత్త మొక్కలను తాతే పీకేశాడు. ఇప్పుడు దవాఖానలో ఇచ్చిన పంపు నోట్లో పెట్టుకుని మందు పీలుస్తున్నాడు. "పొగ రాని మందేం మందు?" అని గొణుగుతాడు. పీల్చిన ప్రతిసారీ అరుగు అంచుకు జరిగి, ఆ పంపుకు లేని బూడిద దులుపుతాడు.